ఏడో గడిలో విమానం

ఆ రోజు తగువులో గెలిచింది మేడమీద మెకానిక్ పిల్లే. అందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. కింది వాటాలో ఉండే ఇంటామె దర్జీ పెద్దమ్మ, తడి దుప్పటి దండెం మీద వేయబోతూ ఆగిపోయి, మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నది. చాటుగా వినే అలవాటు ఆమెకు లేదు. గుట్టుగా తగువులాడుకోవడం ఆ అక్కాతమ్ముళ్ళకు చేతకాలేదు, అంతే.

"ఎవరూ చూళ్ళేదుగా అక్కా!" అన్నాడు తమ్ముడు, మెట్ల పైన నిలబడి.

"నేను చూశాగా," అంది అక్క. తలుపు బార్లా తీసి ఉంది. లోపల కుర్చీలో కూర్చునే మాట్లాడుతోంది. "పదకొండు నిమిషాలురా. పదకొండు నిమిషాలు ఆ పటం తెరిచిపెట్టుకుని ఆడావు. యంత్రం అంతా రాసిపెట్టింది."

"రాయమని దానికి నేర్పింది నువ్వే. తుడిచెయ్యమనీ చెప్పొచ్చు."

"చెప్పొచ్చు. చెప్పను. నెల రోజులు నువ్వు ఈ సర్వర్‌లోకి రాకూడదు. ఆ కందిరీగ అనేవాడు చేసినా నెలే, నువ్వు చేసినా నెలే."

"నువ్వసలు అక్కవా, పోలీసువా?"

"ఈ కుర్చీలో ఉన్నంతసేపూ కాపలాదాన్ని. కుర్చీ దిగితే అక్కని."

"అయితే దిగు," అన్నాడు వాడు.

ఆ పిల్ల దిగలేదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని అలాగే కూర్చుంది. వాడు ఒక సంచీ భుజాన వేసుకుని, ఆటలో విమానం తోలే కర్రను చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. దాని తీగ మెట్టు మెట్టుకీ తగులుతూ వెనకే వచ్చింది. దండెం దగ్గర ఆగి, "పెద్దమ్మా, వస్తాను," అన్నాడు. వెళ్ళేవాళ్ళందరూ అనేది ఆ మాటే. నమ్మి కూర్చున్నవాళ్ళదే తప్పు.

మూడేళ్ళయింది. గెలిచినామె మేడమీదే ఉంది.

ఆ పిల్ల పని చలిమిషన్లు బాగుచేయడం. ఊళ్ళోని కొట్లలో, గోదాముల్లో గడ్డకట్టాల్సినవి గడ్డకట్టకపోతే ఆమెకే కబురు వస్తుంది. నలభై దాటినా పెద్దమ్మ దృష్టిలో ఇంకా పిల్లే. తల్లి పోయేనాటికి తమ్ముడు ఒళ్ళో పిల్లవాడు. తొమ్మిదేళ్ళు పెద్దదైన అక్కే తల్లయింది. వాడికి నడక ఈమె నేర్పితే, ఈమెకు ఎగరడం వాడు నేర్పాడు.

ఎగరడమంటే కుర్చీలో కూర్చునే. మేడమీద గదిలో ఇనప బీరువాకు సగం ఎత్తున ఒక యంత్రం ఉంది, సర్వర్ అంటే అదే. దాని కడుపులో ఒక ఆకాశం, ఒక మైదానం, వెనకటి యుద్ధాల్లో తిరిగిన విమానాలు ఉంటాయి. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి మొహం ఒకరు ఎరగనివాళ్ళు, తమ ఇళ్ళలో కూర్చుని ఆ ఆకాశంలోకి వస్తారు. జంటలు జంటలుగా ఎగురుతారు, ఒకరినొకరు కూల్చుకుంటారు, చచ్చినవాళ్ళు లేచి మళ్ళీ వస్తారు. "చచ్చి బతికే యుద్ధమయితే నాకూ అభ్యంతరం లేదు, చేసుకోండి," అని పెద్దమ్మ ఎప్పుడో అనుమతి ఇచ్చేసింది. అక్కడ ఎవరికీ అసలు పేరు లేదు. ఒకడు కందిరీగ, ఒకడు ముసలి గద్ద. ఈ పిల్ల తూనీగ. తూనీగ పని ఆకాశం ఆగిపోకుండా చూడడం. ఎవరి విమానం ఎక్కడుందో మొత్తం చూపించే పటం ఒకటి ఆమె దగ్గరే ఉంటుంది. దాన్ని చూస్తూ ఎగిరితే, కళ్ళగంతల ఆటలో గంతలు తీసేసుకున్నట్టే. పందెం రోజున తమ్ముడు చేసిన పని అదే.

తప్పు వాడిదే. శిక్షా సరైనదే. పెద్దమ్మ ఆ రోజూ అదే అంది, ఇవాళా అదే అంటుంది. కాకపోతే సరైన పని చేసినవాళ్ళకు నిద్ర పడుతుందని ఎవరో అన్నారు, వాళ్ళెప్పుడూ సరైన పని చేసి ఉండరు.

ఆ గుంపులో ఒక ఆచారం ఉంది. ఎవరైనా కొన్నాళ్ళు రాలేకపోతే, వాళ్ళ విమానాన్ని మైదానంలో వాళ్ళ గడిలోనే, నూనె నిండుగా పోసి, నిలిపి ఉంచాలి. ఆ పని వాళ్ళ జంటలో రెండోవాళ్ళది. ఆ గడి ఖాళీ కాదని, మనిషి వస్తాడని నలుగురికీ తెలియడానికి. తమ్ముడిది ఏడో గడి, ఈమెది ఎనిమిది. యంత్రాన్ని రోజూ పొద్దున్నే ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదలుపెడితే మైదానం కడిగిన పలకలా అయిపోయేది. అందుకని ఆ పిల్ల పనిలోకి వెళ్ళే ముందు, ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో మీట పట్టుకుని, ఏడో గడిలో తమ్ముడి విమానాన్ని మళ్ళీ పెట్టేది. మూడేళ్ళలో ఒక్క పొద్దు తప్పలేదు. జ్వరమొచ్చిన రోజు దుప్పటి కప్పుకుని మరీ పెట్టింది.

"ఫోన్ చెయ్యరాదే?" అని పెద్దమ్మ ఒకసారి అడిగింది.

"ఎత్తడు పెద్దమ్మా. మొండిఘటం. నా గుమ్మం తొక్కడు. కానీ ఈ సర్వర్ చిరునామా వాడికి నోటికొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు, ఎవరూ లేనప్పుడు వచ్చి ఒక చుట్టు ఎగిరిపోతాడేమో. వాడికి మిగిలిన తలుపు ఇదొక్కటే. ఇది మూతపడకూడదు."

పెద్దమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ నోరు తెరిచాక ఊరికే మూతపడడం అరుదు.

ఎందుకంటే తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అక్కకు కాదు, పెద్దమ్మకు. రెండు నెలలకో, మూడు నెలలకో.

"పెద్దమ్మా, నేను."

"నువ్వే అని తెలుస్తోంది. ఎక్కడ చచ్చావురా?"

"ఉన్నాలెండి, రేవులో పని. అక్క ఎలా ఉంది?"

"పదిహేడు మెట్లున్నాయి. ఎక్కి అడుగు."

"పిలవని చోటికి రాను. నేను ఫోన్ చేసినట్టు చెప్పకండి. ఒట్టు."

మొదటిసారే ఒట్టు వేయించుకున్నాడు. నాలుగో తరగతితో బడి మానేసిన పెద్దమ్మకు సంతకం పెట్టడం కంటే ఒట్టు వేయడమే గట్టిది. అందుకని ఫోన్ వచ్చిన రోజున ఏదో వంక పెట్టుకుని మేడ ఎక్కేది. పిల్ల మొహం ఒకసారి చూసి దిగేది. మళ్ళీ వాడడిగితే చూసిన మాట చెప్పాలిగా! ఇద్దరికి ఇద్దరూ. ఒకరు పిలవరు, ఒకరు రారు. మధ్యలో ముసలిదాని మోకాళ్ళు అరుగుతున్నాయి.

ఇలా ఉండగా ఆకాశానికి జబ్బు చేసింది.

శనివారం మధ్యాహ్నం జనం నిండుగా వచ్చేవేళ. నలభై మంది ఎక్కేసరికి అన్నీ ఒక్కసారి ఆగిపోయేవి. విమానాలు దండేన ఆరేసిన చొక్కాల్లా గాలిలో వేలాడేవి. కాసేపటికి అందరూ బయటికి విసిరివేయబడేవాళ్ళు. పదిమంది ఉంటే ఏ జబ్బూ లేదు. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు.

"తూనీగమ్మా, మీ ఆకాశానికి పక్షవాతం వచ్చింది," అన్నాడు కందిరీగ స్పీకర్‌లోంచి. వాడి గొంతు కింది వాటా దాకా వినిపించేది. "మేం ఎన్నాళ్ళు చూస్తాం చెప్పండి? ఈ శనివారం కూడా ఇదే తంతయితే మేమంతా వేరే సర్వర్‌కి వెళ్ళిపోతాం. కోపం తెచ్చుకోకండి."

"తెచ్చుకోను. బాగుచేస్తాను," అంది ఆమె.

చేయనిదేమీ లేదు. దుమ్ము దులిపింది. బ్యాటరీ మార్చింది. పని దగ్గరనుంచి పాత చలిమిషను ఒకటి మోసుకొచ్చి యంత్రం వెనక పెట్టింది. యంత్రానికి చలిగాలి, మనిషికి చెమట. యంత్రం రాసుకున్న చిట్టా అంతా పొద్దస్తమానం చదివింది. ఏదీ వేడెక్కలేదు, ఏదీ తెగలేదు, అయినా శనివారం వస్తే ఆగిపోతోంది. జనం పోతే ఇక ఆ ఆకాశాన్ని ఎవరి కోసం నడపాలి? ఖాళీ ఆకాశంలో ఒక్క విమానం పెట్టుకుని కూర్చుంటే అది కాపలా కాదు, పిచ్చి అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే ఆ వారం పనికి సెలవు పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మకు ఫోన్ వచ్చింది. మామూలు మాటలే. వాడు పెట్టేసిన తర్వాత పెద్దమ్మ సూదీ దారం పట్టుకుని మేడ ఎక్కింది.

"నీ పని ప్యాంటు మోకాలు చిరిగిందన్నావుగా, ఇలా పారెయ్."

"ఎప్పుడన్నానూ?"

"అనలేదా? అయితే నేనే చూశాను. ఇయ్యవే."

గుమ్మంలో కూర్చుని కుట్టడం మొదలుపెట్టింది. ఆ పిల్ల తెర వైపే చూస్తోంది, కళ్ళ కింద నల్లగా చారలు. రెండు కుట్లు పడ్డాయో లేదో సూది టక్కున విరిగింది.

"ఏం మనిషివే నువ్వు! చిరిగిందంటే పాతది విప్పవు, దాని మీదే ఇంకో అతుకు వేస్తావు. పైకి చూస్తే ఒక్కటే. లోపల చూడు, ఒకటీ, రెండూ, మూడూ... ఏడున్నాయి! ఒకే చోట ఇన్ని పొరలు వేస్తే సూదేం చేస్తుంది, చావక?"

ఆ పిల్ల ఇటు తిరిగింది. ప్యాంటు వైపు చూసింది. పెద్దమ్మ వైపు చూసింది.

"పెద్దమ్మా, పోయిన ఎనిమిది నెలల నుంచి పొద్దున ఆపి మొదలుపెట్టినా మైదానం చెరగట్లేదు. నేనే అలా మార్చాను. ఎవరి విమానం ఎక్కడుంటే అక్కడే ఉండాలని."

"ఉంటే ఉండనీ. నా సూది సంగతి చెప్పు."

"చెరగకపోయినా, నేను మాత్రం రోజూ పొద్దున వాడి విమానం పెడుతూనే ఉన్నా."

చేతి అలవాటు చేతిది. మార్పు చేసిన తలకు తెలుసు, టీ గ్లాసు పట్టుకున్న చేతికి తెలియలేదు. ఆమె ఏడో గడిలోని విమానాన్ని పట్టి పక్కకు లాగింది. దాని కింద ఇంకొకటి, అచ్చం అలాంటిదే. దాన్నీ లాగింది. ఇంకొకటి. లెక్క పెట్టమని యంత్రాన్నే అడిగింది. రెండు వందల నలభై మూడు. వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిలో ఒకటి దూరి, పైకి ఒక్కటై నిలబడ్డాయి. లోపలికొచ్చిన ప్రతివాడికీ మైదానంలోని ప్రతి విమానం గురించీ యంత్రం చెప్పుకోవాలి. పదిమందికైతే చెప్పుకోగలదు. నలభై మందికి, ఒక్కొక్కరికీ, రాని ఆ ఒక్కడి గురించే రెండు వందల నలభై మూడుసార్లు చెబుతూ చెబుతూ గొంతు పోయింది పాపం.

ఆ పిల్ల ముందు నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వబోయి చూస్తే, అది నవ్వు కాకుండా పోయింది.

"తమ్ముడి కోసమేగా," అంది పెద్దమ్మ. అంతకంటే మంచి మాట ఆమెకు రాలేదు. వేరే సూది ఎక్కించుకుంది.

"తీసెయ్యాలి పెద్దమ్మా. అన్నీ."

"అన్నీ ఎందుకే? ఒకటి ఉంచు."

"ఏది ఉంచను? అన్నీ ఒకలాంటివే."

"అన్నిటికంటే అడుగుది ఉంచు. అతుకులెన్ని వేసినా అసలు గుడ్డ అడుగునే ఉంటుంది."

ఆ పిల్ల అలాగే చేసింది. ఒక్కొక్కటే తీసింది. అన్నీ కలిపి ఒక్క దెబ్బకు తీసే మీట ఉందట. వాడలేదు. సాయంత్రం అయింది.

మర్నాడు శనివారం యాభై ఇద్దరు వచ్చారు. ఆకాశం ఒక్కసారి కూడా తడబడలేదు. కందిరీగ ముగ్గురిని కూల్చి, నాలుగోవాడి చేతిలో తానే కూలి, "అబ్బ, తూనీగమ్మా, చావడం ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో!" అని అరిచాడు. కింద బొత్తాలు కుడుతున్న పెద్దమ్మ, "సిగ్గులేని వెధవ," అని మెచ్చుకుంది.

ఇంకా వెలుగు ఉండగానే మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆ పిల్ల దిగి వచ్చి, చివరి మెట్టు మీద కూర్చుంది. పైన తలుపు తీసే ఉంది. విమానాల రొద సన్నగా వస్తోంది. ఆట మధ్యలో కాపలా వదిలి ఆమె కిందికి రావడం పెద్దమ్మ ఎన్నడూ చూడలేదు.

"నిన్న వాడేం చెప్పాడు పెద్దమ్మా?"

"ఎవడు?"

"మీకు మోకాళ్ళ నొప్పులు. ఏం కావాలన్నా కిందనుంచే నన్ను కేకేస్తారు. మూడేళ్ళలో మీరు మేడ ఎక్కింది పధ్నాలుగుసార్లు. ప్రతిసారీ అంతకుముందు కింద ఫోన్ మోగింది. ప్రతిసారీ నా మొహమే చూసి దిగిపోయారు."

"యంత్రాలతో ఉండీ ఉండీ నీకూ చిట్టా రాసే జబ్బు పట్టిందే," అంది పెద్దమ్మ. చేతిలో బొత్తాం జారిపోయింది. "నేనేమీ చెప్పను. ఒట్టు వేశాను."

"ఒట్టు తప్పకండి. వాడి మాట నాకు చెప్పొద్దు. నా మాట వాడికి చెప్పండి. దానికి ఒట్టు లేదుగా?"

పెద్దమ్మ ఆలోచించింది. ఎటు తిప్పి చూసినా ఒట్టుకు ఎక్కడా చిరుగు పడలేదు.

"చెప్పు. ఏమని? తప్పు నీదేనని చెప్పనా?"

"తప్పు నాది కాదు. ఆ మాట మాత్రం అనొద్దు. రేపు చేసినా అదే నెల వేస్తాను."

"మరి?"

"వాడి నెల ఎప్పుడో అయిపోయిందని చెప్పండి. ఏడో గడిలో విమానం ఉందని చెప్పండి. ఒక్కటే ఉందని." కాసేపు మెట్టు అంచు గోటితో గీకింది. "ఇంకొక్కటి. మీరు పది మాటలు కలుపుతారు, నాకు తెలుసు. ఏం కలిపినా కలపండి. ఈ ముక్క మాత్రం మార్చకుండా, నేనన్నట్టే చెప్పండి."

"చెప్పి చావవే!"

"అక్క కుర్చీ దిగిందని చెప్పండి."