రెండు శనివారాలు రాకపోతే

ఆయనకు యాభై రెండేళ్ళు. మెట్లెక్కితే మోకాళ్ళు మూలుగుతాయి, చిన్న అక్షరాలు చదవాలంటే కళ్ళజోడు కావాలి, తలలో నల్ల వెంట్రుక కోసం వెతుక్కోవాలి. అయినా చర్చిలో యూత్‌కి నాయకుడు ఆయనే. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు కనుక వీధిలో వాళ్ళకి ఫ్రిజ్జాయన, చర్చిలో మాత్రం అందరికీ అన్నయ్య. ఇరవై ఆరేళ్ళ క్రితం అన్నయ్యా అని వెంట తిరిగిన పిల్లలకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలు కూడా ఎదిగి యూత్‌లోకి వచ్చి అన్నయ్యా అనే పిలుస్తున్నారు. తండ్రికీ అన్నయ్యే, కూతురికీ అన్నయ్యే. "రేపు మనవలొచ్చినా నువ్వు అన్నయ్యవే. ముసలాడివయ్యేది నాకొక్కదానికే" అని భార్య వెక్కిరిస్తూ ఉంటుంది.

చర్చి వెనకాల, ఒకప్పుడు పాత సామాను పడేసిన గది యూత్‌ది. ముప్పై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మీట పలకని కీబోర్డు, ఆయనే రెండుసార్లు వైండింగ్ చేయించిన ఫ్యాను. ప్రతి శనివారం ఐదు నుంచి ఏడు దాకా మీటింగు. కాలేజీ పిల్లలంతా ఒక పక్కకీ, షెడ్డుల్లో షాపుల్లో పనిచేసే పిల్లలంతా ఇంకో పక్కకీ చేరుతున్నారని గమనించి, కుర్చీలకు నంబర్లు రాసి గుమ్మంలోనే చీటీలు ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదట్లో మూతులు ముడుచుకున్నారు. ఆ తర్వాత బైబిల్ క్విజ్‌కి ఒక జట్టుగా కూర్చుని, ఆసుపత్రి వార్డుల్లో కలిసి పాడి, నడవలేని ఒక పెద్దావిడ ఇంటికి రెండు ఆదివారాలు కలిసి సున్నం కొట్టాక, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో వాళ్ళకే గుర్తు లేకుండా పోయింది. గొప్ప ప్రసంగీకుడేం కాదు ఆయన. నాలుగు మాటలు వరసగా చెప్పమంటే కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టి కంప్రెసర్ దగ్గరే తేలతాడు. పిల్లలకు ఆయనంటే ఇష్టం, అంతే.

ఆయనకున్న పెద్ద పేరు మాత్రం వేరే. ఎవరైనా రెండు శనివారాలు వరసగా రాకపోతే, మూడో శనివారం లోపు ఆయన వాళ్ళింటి గుమ్మంలో ఉంటాడు. వానైనా ఎండైనా సరే. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, "ఏమ్మా, కనిపించట్లేదు?" అంటూ తలుపు తడతాడు. జ్వరమైతే ప్రార్థన చేస్తాడు, బద్ధకమైతే చెవి మెలిపెడతాడు, పనిలో పనిగా వాళ్ళ ఫ్రిజ్ కూడా ఒకసారి తెరిచి చూస్తాడు. పాస్టరుగారు బయటి చర్చిల వాళ్ళకు కూడా ఈ సంగతి చెప్పుకుని మురిసిపోయేవారు. ఆయనకూ లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. ఉంటే తప్పేముంది, ఇరవై ఆరేళ్ళు అరిగిన చెప్పులు ఆయనవి.

ఆ గురువారం కూడా అలాగే వెళ్ళాడు. పదిహేడేళ్ళ అమ్మాయి, కాలేజీలో మొదటి సంవత్సరం, రెండు వారాలుగా జాడ లేదు. తండ్రి బస్సు డిపో స్టోరులో గుమాస్తా. ఆ తండ్రీ, తల్లీ ఇద్దరూ ఒకప్పుడు ఈయన యూత్‌లో పిల్లలే. అక్కడే ఒకరినొకరు చూసుకున్నారు, వాళ్ళ పెళ్ళికి కుర్చీలు మోసిందీ ఈయనే. నాలుగేళ్ళ క్రితం ఇద్దరికీ పొసగక ఆవిడ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎవరి తప్పెంతో ఊళ్ళో తలొక మాట అన్నారు. పిల్ల తండ్రి దగ్గర ఉండిపోయింది. అప్పటి నుంచి ఆ మనిషి వంట చేసి, జడ వేసి, స్కూలుకు దింపి, అన్నీ తానే అయి పెంచుకొచ్చాడు. ఆ ఇంట్లో భార్య పేరెత్తడానికి మాత్రం వీల్లేదు.

తండ్రి నవ్వుతూ తలుపు తీశాడు. "రండి అన్నయ్యా. ఏంటిలా వచ్చారు?"

"ఏం లేదు తమ్ముడూ, అమ్మాయి రెండు శనివారాలుగా మీటింగుకి రావట్లేదు కదా, ఒంట్లో ఎలా ఉందో చూసిపోదామని."

తండ్రి ముఖంలో నవ్వు అలాగే ఉండి, కళ్ళు మారిపోయాయి. "రావట్లేదా? రెండు వారాలూ ఐదింటికి మీ దగ్గరికని చెప్పే వెళ్ళింది."

అదే సమయానికి అమ్మాయి మంచినీళ్ళ గ్లాసుతో బయటికి వచ్చింది. విన్నది. గ్లాసు ఆయన చేతికి ఇచ్చింది. తండ్రి అడిగాడు, "శనివారాలు ఎక్కడికెళ్తున్నావు?"

"అమ్మ దగ్గరికి. అమ్మ ఈ ఊరొచ్చేసింది నాన్నా. పెద్ద లాండ్రీ మీద గదిలో ఉంటోంది."

తండ్రి కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "ఇక శనివారాలు ఇల్లు కదలక్కర్లేదు" అన్నాడు, అంతే. అన్నయ్య ఆ నీళ్ళు తాగాలో వద్దో తెలియక గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, "నీకు తలుపు తట్టడం బాగా వచ్చు. తీశాక ఓ నిమిషం నోరు మూసుకోవడమే రాదు" అంది. తప్పు పట్టడానికి ఆ మాటలో ఏమీ దొరకలేదు ఆయనకు.

ఆదివారం చర్చిలో ఆ అమ్మాయి తండ్రి పక్కనే కూర్చుంది, పక్కనే లేచింది. ఆరాధన అయ్యాక కుళాయి దగ్గర ఒక్క నిమిషం ఒంటరిగా దొరికితే ఈయన గబగబా వెళ్ళాడు. క్షమించమనే మాట నోటిదాకా వచ్చింది గానీ పిల్లే ముందు మాట్లాడింది.

"నాకు ఫోన్ ఉంది కదా అన్నయ్యా. నన్నడిగితే చెప్పేదాన్ని."

కోపంగా కూడా అనలేదు. అందుకే ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది పిల్లల ఇళ్ళకు వెళ్ళాడో లెక్కలేదు. ముందుగా ఆ పిల్లల్నే అడగాలని ఒక్కసారైనా తోచలేదు.

పిల్లల మధ్య మాట ఆగుతుందా? ఆ తర్వాతి శనివారం ఇరవై ఆరుమంది రావలసిన చోట పదకొండుమంది వచ్చారు. వచ్చినవాళ్ళు కూడా ఆయన వంక చూసీ చూడనట్టు కూర్చున్నారు. ఆయన క్విజ్ కాగితాలు పక్కన పెట్టేశాడు. "నా వల్ల మనలో ఒకరికి అన్యాయం జరిగింది. ఎవరు, ఏంటి అని అడక్కండి. ఇక నుంచి ఎవరు రాకపోయినా ముందు వాళ్ళకే ఫోన్ చేస్తాను. రమ్మంటేనే వస్తాను" అన్నాడు. ఈసారి మాట కంప్రెసర్ దగ్గరికి పోలేదు. కీబోర్డు వాయించే కుర్రాడు చెయ్యెత్తి, "ఆ ఒకరికి జరిగింది ఎలా సరిచేస్తారు అన్నయ్యా?" అని అడిగాడు. తెలియదు అన్నాడు ఆయన. నిజంగానే తెలియదు.

సోమవారం పొద్దున్నే లాండ్రీకి వెళ్ళాడు. కింద ఆవిర్లు, ఇస్త్రీ బల్లలు, దుప్పట్ల గుట్టలు. పక్కనున్న ఇనప మెట్లెక్కితే ఒకే ఒక్క గది. ఆవిడ తలుపు తీసి, ఆయన్ని చూసి, ఆయన వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరు.

"పిల్ల రెండు శనివారాలుగా రాలేదేం అన్నయ్యా?" అంది, బాగున్నావా అని కూడా అడక్కుండా.

జరిగిందంతా చెప్పాడు. దాచలేదు, తగ్గించి చెప్పలేదు. ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాడు, ఏడవలేదు.

"వచ్చి ఏం చేసేదో తెలుసా?" అంది. "పడుకునేది. అంతే. మొదటి వారం నాలుగేళ్ళ కబుర్లన్నీ చెబుతుందని కాచుకుని కూర్చున్నా. చెప్పులు విప్పింది, నా ఒళ్ళో తల పెట్టుకుంది, ఐదు నిమిషాల్లో గుర్రు. ఆరున్నరకి లేపేదాన్ని, ఏడున్నరకల్లా ఇంటికి చేరాలి కదా. కాలు తిమ్మిరెక్కి చచ్చుబడిపోయినా కదిలేదాన్ని కాదు."

కిందనుంచి ఇస్త్రీ ఆవిరి బుస్సుమంటోంది.

"ఒకటడగనా అన్నయ్యా? ఆ ఇల్లు వదిలాక, ఊరు మారకముందు, మూడు నెలలు మా అక్క వాళ్ళింట్లోనే ఉన్నాను. చర్చికి రెండు వీధుల అవతల. ముఖం చెల్లక రావడం మానేశా. ఒక వారం పోయింది, రెండో వారం పోయింది. మూడో వారమంతా గేటు చప్పుడైతే చాలు, నువ్వేనని తొంగి చూసేదాన్ని. ఎందుకు రాలేదు?"

అబద్ధం చెప్పడానికి చాలా ఉన్నాయి. పని ఒత్తిడి, తెలియదు, వద్దామనే అనుకున్నాను. ఆయన ఒక్కటీ అందుకోలేదు.

"భయమేసింది చెల్లీ. వస్తే వాడికి కోపమొస్తుందనుకున్నా. పెద్దవాళ్ళ గొడవ, నాకెందుకు, నేను చూసుకునేది యూత్ కదా అనుకున్నా."

"నేనూ నీ యూత్‌లో పిల్లనే కదా అన్నయ్యా" అంది ఆవిడ.

ఆ మెట్లు దిగుతుంటే మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదాయనకు. బండి తీసి తిన్నగా బస్సు డిపోకి పోయాడు. ఆలోచిస్తే మళ్ళీ భయం వేస్తుందని ఆలోచించకుండా పోయాడు.

స్టోరు కిటికీకి ఇనప జాలీ. అవతల అరల నిండా బల్బులు, బెల్టులు, బ్రేకు సామాను, వాటి మధ్య తండ్రి. తల ఎత్తి, "పనిలో ఉన్నాను అన్నయ్యా" అన్నాడు. ఈయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. గంట గడిచాక తండ్రి, "ఇవాళ కుదరదు" అన్నాడు. మంగళవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ రోజూ కుదరలేదు. బుధవారం వెళ్ళేసరికి డ్రైవర్లే జాలిపడి ఆయనకు టీ తెచ్చిచ్చారు. చివరికి తండ్రి జాలీ పక్కనున్న తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు.

"మీరు చెప్పబట్టే నాకు తెలిసింది. మీకు థాంక్స్ చెప్పాలనుకున్నా. ఇప్పుడు మీరే వచ్చి పంపమంటారా?"

"పంపమనే అడుగుతున్నా. వాళ్ళమ్మను కలవనివ్వు."

"పిల్లను గాలికొదిలేసి పోయిన మనిషి దగ్గరికా?" చేతిలో ఉన్న పాత గుడ్డతో తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచాడు. "అక్కడ కూర్చోబెట్టి నా మీద ఏమేం నూరిపోస్తోందో నాకు తెలియదనుకున్నారా?"

"ఏమీ నూరిపోయట్లేదు తమ్ముడూ. పిల్ల నిద్రపోతోంది."

"ఏంటి?"

"వెళ్ళగానే వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుంటుందట. లేపేదాకా నిద్రేనట. రెండు వారాలూ అంతే. నీ మాట ఎత్తే తీరికే లేదు వాళ్ళకి."

తుడిచే చెయ్యి ఆగింది. "ఇంట్లో రాత్రి రెండైనా దాని గదిలో లైటు ఆరదు" అన్నాడు. "చదువుకుంటోందని మురిసిపోయేవాణ్ణి."

అన్నయ్యకు ఆ క్షణాన అతని మీద పట్టరానంత ప్రేమ పుట్టింది. పద్దెనిమిదేళ్ళ వయసులో నలుగురి ముందు ప్రార్థన చేయమంటే చెమటలు పట్టి కూలబడిపోయిన కుర్రాడే ఎదురుగా నిలబడ్డట్టుంది. భుజం మీద చెయ్యేశాడు. అతను తీసేయలేదు.

"ప్రతి శనివారం నేనే తీసుకెళ్తా, నేనే తీసుకొస్తా. నీకు తెలిసే వెళ్తుంది, తెలిసే వస్తుంది. ఇక దొంగతనంగా వెళ్ళక్కర్లేదు ఆ పిల్ల."

"శనివారం మీకు మీటింగు కదా?"

"పిల్లలు నడుపుకుంటారు."

తండ్రి నమ్మలేనట్టు చూశాడు. ఇరవై ఆరేళ్ళలో ఈయన లేని శనివారం ఒక్కటీ లేదని అతనికి తెలుసు. ఇంతలో జాలీ అవతల ఒక డ్రైవరు వచ్చి హెడ్‌లైటు బల్బు అడిగాడు. అతను వెళ్ళి అరలో వెతికి, ఒకటి తీసి, వెలుతురుకి పట్టి చూసి, వద్దనుకుని ఇంకొకటి తీసి ఇచ్చాడు. డ్రైవరు వెళ్ళిపోయాక కూడా ఇటు తిరగలేదు.

"ఐదింటికి రండి. తయారుగా ఉంటుంది" అన్నాడు అరల వైపే చూస్తూ.

"ఏడున్నర దాటకుండా తెచ్చి దింపేస్తా" అని ఈయన సంచి భుజాన వేసుకుని గుమ్మం దాటబోయాడు.

"అన్నయ్యా."

ఆగాడు.

"టైముకని లేపొద్దని చెప్పండి వాళ్ళమ్మకి. అది లేచాకే తీసుకురండి."