కంబళి కింద చేపలు

రంగన్న ఒకచోట కుదురుగా కూర్చోవడం సోమందేపల్లెలో ఎవరూ చూసి ఎరగరు. నలభై ఏళ్లు గొర్రెల వెనక తిరిగిన మనిషి. ముదిగుబ్బ గుట్టల దాకా మందను తోలుకుపోయి నెలల తరబడి ఇంటి ముఖం చూడనివాడు. మోకాలికి ఆపరేషన్ అయ్యాక డాక్టర్ నడక తగ్గించమన్నాడు. ఇంట్లోవాళ్లు మందను అమ్మేశారు. అప్పటినుంచి వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి కర్ర టకటకలాడిస్తూ తిరగడమే ఆయన పని. వంటింట్లోకి తొంగిచూసి మంట ఎక్కువైందంటాడు. వాకిట్లో కోడి పెట్ట పొదిగే తీరు బాగాలేదంటాడు. భార్య భద్రమ్మకు ప్రాణం విసిగిపోయింది.

కూతురు చౌడేశ్వరి హైవే పక్క ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఒక ఆదివారం ఆమె హిందూపురం నుంచి గాజు తొట్టి, దానికో గాలి పంపు, నాలుగు బంగారు రంగు చేపలు తెచ్చి గదిలో పెట్టింది.

"వీటిని సాకు నాయనా. ఆరు నెలలు బతికిచ్చినావంటే రెండు పొట్టేలు పిల్లల్ని నేనే తెచ్చిస్తా. ఇంటికాడ కట్టేసుకుందువు" అంది.

పొట్టేళ్లన్న మాట వినగానే రంగన్న ముఖం వెలిగిపోయింది. చేపల మీద ప్రేమ ఏమీ లేదు, ఆశంతా పొట్టేళ్ల మీదే. అయినా కాపరి కాపరే కదా. చలికి ముడుచుకున్న జీవాలకు ఎండ మంచిదని, తొట్టిని పొద్దుటెండ తగిలేలా వసారాలోకి మార్పించాడు. గుప్పెడు మేత పొద్దున, గుప్పెడు మధ్యాహ్నం, గుప్పెడు సాయంత్రం. చేప నోరు తెరిచిందంటే ఆకలి అనుకునేవాడు. చేప నోరు మూసేదెప్పుడు గనక!

పది రోజులకు నీళ్లు లేత పచ్చగా మారాయి. ఇంకొకరైతే కంగారుపడేవారే. ఏళ్ల తరబడి ఎండిన బీళ్లలో పచ్చిక కోసం వెతికినవాడికి మాత్రం ఆ రంగు చూసి కడుపు నిండింది. "సూడండప్పా, తొట్టిలో పచ్చిక పుట్టుకొస్తాండాది" అని వచ్చినవాళ్లకల్లా చూపించాడు. ఈ నేల మీద పచ్చగా ఉన్నది చెడ్డదై ఉంటుందని ఎవరికి మాత్రం తోస్తుంది? వాళ్లూ తలలూపి, బాగుందని పోయారు. రెండు వారాలు గడిచేసరికి చిక్కటి పచ్చదనంలో చేపల జాడే తెలియలేదు. ఒక పొద్దున రెండు చేపలు వెల్లకిలా తేలాయి.

రంగన్న గబగబా ఉన్న నీళ్లన్నీ తోడేసి కొత్తగా బోరు నీళ్లు నింపాడు. తోడిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక, బిందె మోసుకుంటూ కుంటుకుంటూ వెళ్లి నిమ్మచెట్టుకు పోశాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే పచ్చన. మిగిలిన రెండు చేపలూ నీరసంగా ఉన్నాయని మేత ఇంకో గుప్పెడు పెంచాడు.

"సాకుతాండావా, సంపుతాండావా?" అంది భద్రమ్మ. ఆ మాట ఆయనకు ముల్లులా దిగింది. చేపలమ్మిన ఓబిలేష్‌కు ఫోన్ చేశాడు.

"ఎండలో పెట్టినావా పెద్దాయనా? మేత మిగిలిపోతాండాదా?" అని అడిగాడు ఓబిలేష్. "ఆ రెండూ కలిస్తే నీళ్లు పచ్చగైతాయి. అన్ని నీళ్లూ ఒకేసారి తీయొద్దు, పావు వంతు మార్చు. తొట్టిని లోపల పెట్టి, ఎలుతురు సొరకుండా నాలుగు దినాలు కప్పెయ్. గాలి పంపు ఆడనీ. మేత ఎయ్యొద్దు."

"నాలుగు దినాలు పస్తా! మరి నేనేం జేయల్ల?"

"ఏం జేయొద్దు. అదే మందు."

అంత కష్టమైన పని రంగన్నకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. తొట్టిని గదిలోకి చేర్పించి, తన నల్ల కంబళినే దాని మీద కప్పాడు. మొదటి రోజు పదిసార్లు వచ్చి దాని చుట్టూ తిరిగాడు. రెండో రోజు లెక్కలేదు. లోపల పంపు గుడగుడమంటుంటే చెవి పెట్టి విన్నాడు.

"ఆకలికి ఏడుస్తాంటాయే" అన్నాడు.

"చేపలు ఏడ్సేది నీకెట్ల తెలుసు?" అంది భద్రమ్మ, మేత డబ్బాను చీర కొంగులో దాచుకుంటూ.

మూడో రోజు ఆయన చేయి తనకు తెలియకుండానే కంబళి అంచు కిందికి పోయింది. భద్రమ్మ కసిరితే ఉలిక్కిపడి వెనక్కి తీసుకున్నాడు. అలా నిలవలేక గదికీ వాకిలికీ మధ్య తిరిగి తిరిగి, సాయంత్రానికి మోకాలు గుమ్మడికాయంత వాచింది. మంచం మీద కూర్చుని, కంబళికేసి చూస్తూ, వేళ్లు నలుపుకుంటూ ఉండిపోయాడు. నాలుగో రోజంతా ఆ మంచం మీదే గడిచింది.

ఐదో రోజు పొద్దున సెలవు పెట్టిన చౌడేశ్వరి కంబళి తీసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున ఉన్న గులకరాళ్లు కూడా కనబడ్డాయి. రెండు చేపలూ చురుగ్గా ఈదుతున్నాయి. రంగన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఆరు నెలలేం వద్దులే నాయనా" అంది కూతురు సంబరంగా. "గెలిచినావు. ఈ వారమే సంతకు పోయి పొట్టేలు పిల్లల్ని తెచ్చుకుందాం పా."

ఇన్నాళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూసిన మనిషి వెంటనే లేస్తాడనుకున్నారు. రంగన్న లేవలేదు. వాచిన మోకాలు చూసుకున్నాడు, చేయి చూసుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు.

"ఏం, మనసు మారిందా?"

"ఈ తిరుగుడు మనసు మారింటే తెచ్చుకుందును. మారలేదు, అందుకే వద్దంటాండా. ఈ నాలుగు దినాలు చేతిని పట్టుకునేదానికే నా పానం పోయింది. ఆ పిల్లలు మే అంటే గుట్టకు పోయే నా కాళ్లను ఎవురు పట్టుకుంటారు? నా వల్ల కాదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం భద్రమ్మకు అదే మొదలు.