కట్టు కింద తడి

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రీ అనేవారు. ఇళ్ళల్లో నేల మీద పలకలు పరిచే పని ఆయనది. రసమట్టం ఆనించి చూడనిదే ఏ పలకనూ నమ్మేవాడు కాదు. ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్ళినా ముందు స్నానాలగదిలోకి తొంగిచూసి, నీళ్ళు తూము వైపు జారుతున్నాయని తేల్చుకున్నాకే వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. "మా ఆయన మనుషుల కంటే ముందు పలకల్ని పలకరిస్తాడు" అని భార్య నవ్వేది.

బతుకంతా మోకాళ్ళ మీదే గడిచింది. చివరికి కుడి మోకాలు అరిగి, మెట్టు ఎక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చింది. ఆస్పత్రిలో ఆ మోకాలు తీసి కొత్తది అమర్చారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు విడమరిచి చెప్పాడు.

"మేస్త్రీ గారూ, ఇకమీదట మోకాళ్ళ మీద కూర్చోవడం అన్న మాటే మరిచిపోండి. కుట్లు మానేదాకా కట్టు తడవకూడదు. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, చెమ్మ ఊరినా వెంటనే రండి."

భార్య బట్టలు ఇస్త్రీ చేసే దుకాణంలో పనిచేసేది. సెలవు పెట్టి, కట్టు మార్చడం నర్సు దగ్గర శ్రద్ధగా నేర్చుకుంది. చేతులు రెండుసార్లు కడుక్కుని, ఉతికి ఇస్త్రీ చేసిన గుడ్డ మంచం మీద పరిచి, దూది తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి మరీ తీసేది. మాట తుంపర పడుతుందని ఆ కాసేపు ఆయన్ని కూడా మాట్లాడనిచ్చేది కాదు.

సెలవు అయిపోయి ఆమె మళ్ళీ పనికి వెళ్ళిన రోజున ఆయనకు ఇంట్లో ఏమీ తోచలేదు. కాలుగాలిన పిల్లిలా గదిలోనే తిరిగాడు. రెండు వీధుల అవతల కొత్తగా కడుతున్న ఇంట్లో బావమరిది పని చేస్తున్నాడు. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, ఈయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఊరికే చూసొద్దామని కర్ర పట్టుకుని బయల్దేరాడు మేస్త్రీ.

బావమరిది స్నానాలగది నేల పరుస్తున్నాడు. మేస్త్రీ చెంబుడు నీళ్ళు ఒలకబోసి చూశాడు. నీళ్ళు మూలన నిలిచాయి.

"ఇదేం వాలురా? నీళ్ళు తూములోకి పోవాలా, పడగ్గదిలోకి పోవాలా?"

"సరిచేస్తాలే బావా. నువ్వక్కడే నిలబడి చెప్పు, నేను చేస్తా. దిగకు!"

ఆయన వినిపించుకోలేదు. కర్ర గోడకు చేర్చి ఎడమ మోకాలు నేలకు ఆనించాడు. కుడిది దానంతటదే కిందికి జారి తడి సిమెంటులో దిగబడింది. ప్రాణం జివ్వుమంది. అయినా లేవలేదు. పలక పెకలించి, కింద సిమెంటు గీకి, మళ్ళీ పరిచి, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టాడు. ఆ కాసేపు ఆయనకు తను రోగినన్న సంగతే గుర్తులేదు. నీళ్ళు చక్కగా తూములోకి పోయాయి. లేవబోతే మాత్రం కాలు రాలేదు. బావమరిది చంకల కింద చేతులు వేసి ఎత్తవలసి వచ్చింది. కట్టు సిమెంటు నీళ్ళతో నాని బూడిదరంగుకు తిరిగింది.

"మీ అక్కకి చెప్పకు. చెప్పావో, నీ మొహం చూడను."

ఇంటికి వచ్చి కట్టు విప్పేసి, తడిగుడ్డతో తుడుచుకుని, కొత్త దూది అంటించుకున్నాడు. కుట్ల చివర కొంచెం విచ్చుకుని ఉంది. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

సాయంత్రం భార్య అడిగింది. "కట్టెవరు మార్చారు?"

"ఊడొచ్చింది. నేనే అంటించుకున్నా."

తరువాతి వారంలో మోకాలు ఎర్రబడింది. చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. భార్యకు కంగారు పుట్టింది. "డాక్టరు దగ్గరికి పోదాం పద" అంది.

"కొత్త మోకాలు కదే, కొన్నాళ్ళు అలాగే వేడిగా ఉంటుందని ఆయనే చెప్పాడు."

డాక్టరు అలా ఎప్పుడూ అనలేదు. ఆస్పత్రికి వెళితే ఏం చేశావని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చిన్నపిల్లాడిలా తిట్లు తినాలి. అంతమంది పనివాళ్ళను గద్దించిన మనిషికి ఆ ఊహే మింగుడుపడలేదు. డాక్టరు చెప్పినప్పుడు పక్కన లేని భార్య ఆయన మాట నమ్మింది. ఆ తరువాత దూది మీద పసుపు చెమ్మ కనిపించింది. ఆయన చెమటన్నాడు. ఆఖరికి ఒళ్ళంతా వణికే జ్వరం వచ్చి, తెల్లవారగానే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోవలసి వచ్చింది.

డాక్టరు కట్టు విప్పి చూసి పెదవి విరిచాడు.

"లోపలికి మురికి చేరింది. మళ్ళీ తెరిచి కడగాలి. కొత్త మోకాలి మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మార్చాలి. అప్పటికీ లొంగకపోతే మొత్తం తీసేయాల్సి రావచ్చు." ఆమె వైపు తిరిగాడు. "కట్టెవరు మారుస్తున్నారమ్మా?"

"నేనేనండీ."

"ఎర్రబడ్డం చూశారా?"

"చూశానండీ."

"చూసి కూడా ఎందుకు తీసుకురాలేదు?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. జ్వరం నిజమే. కానీ ఆ కళ్ళు మూతపడింది జ్వరం వల్ల కాదు.

"తెలియలేదండీ. తప్పయిపోయింది" అంది ఆమె.

మోకాలు మళ్ళీ తెరిచారు, కడిగారు, ముక్క మార్చారు. చేతికి సన్నటి గొట్టం పెట్టి రోజూ మందు ఎక్కించారు. ఒంటికి వెళ్ళాలన్నా నర్సు గిన్నె పట్టుకోవాలి. ఆ సిగ్గు ఆయనకు నాలుగు రోజుల్లో అలవాటైంది. అలవాటు కానిది మరొకటి ఉంది.

మేస్త్రీ అక్క వచ్చి దిగింది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. ఇంట్లో ఆవిడ మాటకు ఎదురులేదు. వచ్చీ రాగానే మొదలుపెట్టింది.

"అంత పెద్ద ఆపరేషన్ చేయించుకున్న మనిషిని కాస్త శుభ్రంగా చూసుకోలేకపోయావా అమ్మాయ్? ఊళ్ళో వాళ్ళ మాసిన బట్టలన్నీ ముట్టుకుని, అవే చేతులతో పుండు ముట్టుకుంటే ఇంకేమవుతుంది?"

"కడుక్కునే ముట్టుకున్నా వదినా."

"కడుక్కుంటే ఇలా ఎందుకవుతుంది?"

దానికి జవాబు మంచం మీద పడుకుని ఉంది. ఆయన నోరు మెదపలేదు. ఇప్పుడు చెబితే అక్క ముందు తల కొట్టేసినట్టవుతుంది, రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. పరామర్శకు వచ్చిన చుట్టాలందరికీ అక్క అదే కథ అప్పజెప్పింది. వాళ్ళు ఆమె వైపు ఒకలా చూసి, అరటిపళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళేవారు.

భార్య ఆయన్ని తాకడం మానేసింది. దుప్పటి సర్దాలన్నా నర్సును పిలిచేది. పళ్ళెం అందించే ముందు కుళాయి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కునేది, వచ్చి మళ్ళీ వెళ్ళి కడుక్కునేది. సబ్బుతో రుద్ది రుద్ది వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలింది. ఒకరోజు ఆ పగుళ్ళలోంచి నెత్తురు ఊరడం ఆయన చూశాడు. నిజంగా తన చేతులే మురికివని ఆమె నమ్ముతోందని అప్పుడు అర్థమైంది. అర్థమైనా ఆ రోజు కూడా చెప్పలేదు.

మరునాడు మధ్యాహ్నం అక్క అంది, "నీ బావమరిది పొరుగూరి పని ముగించుకుని వచ్చాడట. సాయంత్రం నిన్ను చూడ్డానికి వస్తాడట."

మేస్త్రీ దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నాడు. వాడికి ఈ నింద సంగతి తెలియదు. తెలిస్తే, తన అక్కను ఎవరైనా అంటుంటే చూస్తూ ఊరుకోడు.

"అక్కా, కాసేపు కూర్చో. ఏమే, నువ్వూ ఇలా రా" అన్నాడు. కర్ర పట్టుకుని వెళ్ళడం, సిమెంటులో దిగడం, తడిగుడ్డతో తుడుచుకోవడం, డాక్టరు పేరు చెప్పి అబద్ధమాడడం, అన్నీ దుప్పటి అంచు చూస్తూ చెప్పాడు.

అక్క "ఎంత పని చేశావురా" అని, తరువాత మరదలి వైపు చూడకుండానే, "నేనేం తెలిసి అన్నానా అమ్మాయ్" అంది.

భార్య ఏడవలేదు, అరవలేదు. ఒక్కటే అడిగింది.

"తమ్ముడొస్తున్నాడని భయపడి చెప్పావా? వాడు రాకపోయినా చెప్పేవాడివా?"

చెప్పేవాణ్ణే అనబోయాడు. అది నిజమో కాదో తనకే తెలియదు.

"దిగడం దిగావు. పని పిచ్చి నీది, అది నాకు తెలుసు. దాచావు, సరే, భయం. కానీ డాక్టరు నన్ను నిలబెట్టి అడుగుతుంటే కళ్ళు మూసుకున్నావే..." లేచి వరండాలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం బావమరిది వచ్చాడు. తన అక్క ముఖం చూడగానే సంగతి బయటపడిందని గ్రహించి తల వంచుకున్నాడు. "నువ్వు కూడానా?" అందామె, అంతే. వాడు బావ మంచం దగ్గరికి రాలేక కాళ్ళ వైపే నిలబడి, డాక్టరేమన్నాడని అడిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు డాక్టరు వచ్చినప్పుడు మేస్త్రీ తనంతట తానే అన్నాడు, "అయ్యా, తప్పు మా ఆవిడది కాదు, నాది." డాక్టరు అంతా విని, ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఆమె తల ఊపింది. ఆ తరువాత మేస్త్రీ ఒక్కొక్క చుట్టానికీ ఫోను చేశాడు. కొందరు ఓదార్చారు. ఒకాయన పగలబడి నవ్వాడు. ప్రతి ఫోనుకూ ముఖం కొత్తగా కాలింది.

మోకాలు నిలబడింది, తీయవలసిన అవసరం రాలేదు. కానీ కుర్చీలో కూర్చుంటే ఆ కాలు పూర్తిగా మడవదు, ముందుకు చాచుకునే ఉంటుంది. మెట్లు ఒక్కొక్కటిగా దిగుతాడు. భార్య అన్నం పెడుతుంది, మందులు వేళకు గుర్తుచేస్తుంది, ఇస్త్రీ దుకాణం కబుర్లు కూడా అప్పుడప్పుడూ చెబుతుంది. మునుపటిలా ఎగతాళి మాత్రం చేయదు. ఆయనకు ఆ ఎగతాళి కావాలి. కావాలని అడగడానికి ముఖం చెల్లదు.

మొన్నీమధ్య ఎదురింటి బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయనకూ మోకాలి ఆపరేషన్ ఖాయమైంది.

"నిజం చెప్పండి మేస్త్రీ. చేయించుకోమంటారా?"

"చేయించుకోండి. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తే భయం లేదు. నేను చేయలేదు." మేస్త్రీ సిమెంటు సంగతి చెప్పాడు, చెమ్మ సంగతి చెప్పాడు, రెండో ఆపరేషన్ దాకా వచ్చి ఆగాడు. "అదండీ జరిగింది" అని టీ గ్లాసు అందుకున్నాడు.

లోపల బట్టలు మడతపెడుతున్న భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మిగతాది కూడా చెప్పు" అంది.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. డ్రైవరు ఒకసారి ఆమెనూ ఒకసారి ఆయన్నూ చూశాడు.

"నింద ఆవిడ మీద పడుతుంటే నోరు మూసుకుని పడుకున్నానండీ" అన్నాడు మేస్త్రీ. ఆవిడ వినేలా, తల ఎత్తి అన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి మళ్ళీ బట్టలు మడతపెట్టసాగింది.