పైపూత కింది బొమ్మ

పాత చిత్రాలకు మరమ్మతు చేసే చదువు చదువుతున్న మా మనవరాలు మొన్న ఇంటికి వచ్చినప్పుడు, పైనున్న బొమ్మను తాకకుండానే దాని కింద దాగిన గీతలను ఇప్పుడు యంత్రంతో చూడవచ్చని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మా నాయన, మా మేనమామ నా కళ్ల ముందు నుంచి కదలడం లేదు.

మాది ఆళ్లగడ్డ, నాయన శిల్పి. పందొమ్మిది వందల యాభైల నడుమ, నాకు పెళ్లి కుదిరిన ఏడు, దగ్గరి పల్లెలో కురుస్తున్న పాత మండపాన్ని బాగుచేసే పని ఆయనకు అప్పగించారు. మండపం గోడ మీద సీతమ్మ పెళ్లి బొమ్మ ఉండేది. నాయన మెత్తని గుడ్డతో దీపాల మసి ఓపికగా తుడిచేకొద్దీ చిలకపచ్చ చీరలు, పెళ్లివారి ముఖాలు, ఒక మూల కునికిపాట్లు పడుతున్న మేళగాడు బయటికొచ్చారు. సద్ది తీసుకుని వెళ్లినప్పుడల్లా ఆ మేళగాణ్ణి చూసి అమ్మా నేనూ నవ్వుకునేవాళ్లం.

మేనమామ నంద్యాలలో చరిత్ర పంతులు. మా సీమ చిత్రకళ మీద పుస్తకం రాయాలన్న ఆశతో ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు. ఒకనాడు గోడ పెచ్చు రాలిన చోట, లోపలి పొరలో ఆయనకు ఒక కన్ను కనిపించింది.

“బావా, దీని కింద ఇంకా పాత బొమ్మ ఉండాది. పైది తీస్తేగాని అది ఏ కాలందో తెలీదు.”

“పైది తీసినాక కింద ఏమీ లేకుంటే ఏం జేస్తావప్పా?” అన్నాడు నాయన.

“ఉంటాది బావా. కన్ను మనల్నే సూస్తాంది గదా!”

నాయన కొన్నాళ్లు ఒప్పుకోలేదు. కానీ ఆ కన్ను ఆయననూ నిలవనీయలేదు, చివరికి తనే ఉలి పట్టాడు. పెళ్లి బొమ్మ పెచ్చులు పెచ్చులుగా రాలింది. కింద అన్నీ గాట్లే. కొత్త సున్నం గోడను బాగా పట్టుకోవాలని వెనకటి పనివాళ్లు పాత బొమ్మనంతా పొడిచేశారు. మిగిలింది ఆ కన్ను ఒక్కటే.

మేనమామ నేల మీద కూలబడి, “ఎంత పని జేస్తిమి బావా” అన్నాడు.

“నిన్నేమనేదప్పా, ఉలి నా చేతిలోనే ఉండె గదా.”

అమ్మ ఆ పెచ్చుల్లో మేళగాడి ముఖం కోసం చాలాసేపు వెతికింది.

ఆ పుస్తకాన్ని మేనమామ రాయనేలేదు. తర్వాత కలిసినప్పుడల్లా బావాబామ్మర్దులు వానల గురించీ పంటల గురించీ మాట్లాడుకునేవారే తప్ప మండపం మాట ఎత్తేవారు కాదు. తెలుసుకోవాలన్న ఆశ ఒకరిది, కాపాడాలన్న తపన ఇంకొకరిది. ఇద్దరూ కొంచెం ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈమధ్య ఆ మండపం గోడలకు, మిగిలిన ఆ కన్ను మీద కూడా, నున్నని టైల్స్ అతికించారు. ఎవరూ అడ్డుపడలేదు, ఎవరూ కూలబడి బాధపడలేదు. పని బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారట.