దండ వేయని ఫోటో

మా మార్కాపురంలో ఏబేలు అంత మంచి ఫోటోగ్రాఫరు లేడు, అంత తిక్కవాడూ లేడు. రెండు మాటలూ నేనే చెప్పాలి. అతని దుకాణం, నా కొట్టం ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి మరి. నా పేరు బ్రహ్మం. బడిపిల్లల పలకలకు చెక్క చట్రాలు బిగించడం నా పని. ఏబేలు కంభంలో ఒక దొర దగ్గర పనిచేస్తూ ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. దొర ఓడెక్కి సీమకు పోతూ ఆ మూడుకాళ్ల కెమెరాను ఇతనికిచ్చి పోయాడు.

యుద్ధం రోజులవి. మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. మా వైపు బతికున్న మనిషి ఫోటోకు కూర్చోవడం అరుదు, ఆయుష్షు తగ్గుతుందని భయం. ఎవరైనా పోతే మటుకు ఆగమేఘాల మీద వచ్చి ఏబేలును పిలుచుకుపోయేవాళ్లు. పీనుగును కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద గుడ్డ కట్టి ఫోటో తీయించేవాళ్లు. దాన్ని గోడకు తగిలించి దండ వేసేవాళ్లు. గోడ మీద ఫోటో అంటే మాకు తెలిసింది అదే.

"మామా, కళ్లు మూసినోళ్లను తీసీ తీసీ, కళ్లు తెరిచినోళ్లను చూస్తే భయమేస్తాంది," అన్నాడొకరోజు ఏబేలు.

మద్రాసు పోయినప్పుడు అక్కడెక్కడో గోడల నిండా మనుషుల ఫోటోలు పెట్టి జనానికి చూపించడం చూశాడట. మన ఊళ్లోనూ పెడతాను, అన్నీ బతికున్నవాళ్లవే, అన్నాడు. వద్దురా అంటే వింటేనా. పలకరాయి కోసేవాళ్లను, బండ్లు తోలేవాళ్లను, పూలమ్మే సౌభాగ్యమ్మను బతిమాలి తీశాడు. పుల్లలచెరువు కుర్రాడు మాలకొండయ్య మిలిటరీకి పోతూ సరదాపడి తీయించుకున్న ఫోటో ఉంటే దాన్నీ పెద్దది చేశాడు. ఖాళీగా ఉన్న పలకల గోడౌనును అడిగి తీసుకున్నాడు. చట్రాలు నేనే ఇచ్చాను. పలక ఉండాల్సిన చోట మనిషి ముఖం పెట్టి వరసగా మేకులకు తగిలించాం.

"ఊరంతా విరగబడి వస్తారు మామా, చూడు," అన్నాడు.

విరగబడి వచ్చిన మాట నిజమే. వచ్చినవాళ్లంతా గుమ్మం బయటే చెప్పులు వదిలారు. లోపలికి రాగానే గొంతులు తగ్గించారు. ఒక్కో ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అయ్యో, ఈయన గూడా పోయినాడా, మొన్నే గదా సంతలో కనపడినాడు," అనుకున్నారు. ఒకామె కుంకుమ తెచ్చింది. ఒక పెద్దాయన కొబ్బరికాయ చేత్తో పట్టుకుని, కొట్టడానికి రాయెక్కడుందని నన్నే అడిగాడు.

"ఎవురూ పోలేదు పెదనాయనా, అందరూ బతికే ఉండారు," అన్నాడు ఏబేలు.

"మరి గోడకెందుకు ఎక్కించినావు?"

పాపం, ఏబేలు తల పట్టుకుని ఒక మూల కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి సౌభాగ్యమ్మ పూలబుట్టతో దిగింది. ఎవరో ఆమె దగ్గరే దండ కొని తెచ్చి ఆమె ఫోటోకే వేసి పోయారు. "నా పూలు నాకే ఏపిస్తావా, నీ చేతులు పడిపోను," అని తన ఫోటో కిందే నిలబడి అందుకుంది. నాకు నవ్వు ఆగలేదు. ఏబేలు నా వంక కొరకొరా చూశాడు.

ఆ నవ్వు రెండు రోజులే. పుల్లలచెరువు కట్టెల బండివాడొకడు ఇదంతా చూసిపోయి, మాలకొండయ్యను గోడకు పెట్టినారని ఊళ్లో చెప్పాడు. వాళ్లమ్మ సుబ్బులమ్మ వచ్చింది. ఒక్కడే కొడుకు. బర్మా వైపు పోయాడని తెలియడమే కానీ, ఏడాదిగా ఏ కబురూ లేదు. ఆమె ఏడవలేదు. ఫోటో ముందు నిలబడి ఏబేలును అడిగింది.

"ఎప్పుడు పోయినాడు నాయనా?"

"పోలేదమ్మా. అది రైలెక్కే ముందు తీసిన ఫోటో."

"అయితే బతికుండాడా?"

ఏబేలు నోరు తెరిచి, మూశాడు. ఉన్నాడంటే అబద్ధమవుతుందేమో. లేడంటే ఏ నోటితో అనాలి? "తెలీదమ్మా," అన్నాడు చివరికి. నాకు ఒళ్లు మండింది. ఉన్నాడని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయిందిరా అని తర్వాత కడిగేశాను. "నాకు తెలీదు గదా మామా," అన్నాడు మళ్లీ. తిక్కవాడని ముందే చెప్పానుగా.

పక్కనే సౌభాగ్యమ్మ ఫోటో, దాని కింద సౌభాగ్యమ్మ. ఆరోజు కూడా తిట్టడానికే వచ్చింది. సుబ్బులమ్మ ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసింది. దగ్గరికిపోయి ఆమె చెయ్యి పట్టుకుని నొక్కి చూసింది. సౌభాగ్యమ్మ తిట్లు ఆపేసింది.

"ఈయమ్మ గోడ మీదా ఉంది, కిందా ఉంది," అంది సుబ్బులమ్మ. "నాది గూడా తీయి నాయనా. వాని పక్కన తగిలించు. నేను బతికుండి గోడ మీదుంటే, వాడూ బతికుండొచ్చు గదా."

ఏబేలు మారు మాట్లాడకుండా కెమెరా తెచ్చాడు. మర్నాడు ఆమె ఫోటో కొడుకు ఫోటో పక్కకెక్కింది. పరామర్శకని తన ఊరినుంచి వచ్చిన ఆడవాళ్లకు తన ఫోటో చూపించి, "నేను చచ్చినానా ఏంది? వాడూ అంతే," అంది. వాళ్లు తెచ్చిన దండలు వెనక్కి పట్టుకుపోయారు. నెగ్గిందా, అభాసు పాలైందా అని ఆ ప్రదర్శన గురించి ఏబేలు నన్ను చాన్నాళ్లు అడుగుతూనే ఉన్నాడు.

గోడౌను ఖాళీ చేసేటప్పుడు, "మా ఇద్దరియ్యీ దించొద్దు, వాడొచ్చిందాక ఉండనీ," అంది సుబ్బులమ్మ. ఏబేలు వాటిని తన దుకాణంలో పక్కపక్కనే తగిలించాడు. సంతకొచ్చినప్పుడల్లా ఆమె వచ్చి, కింద నిలబడి చూసి పోయేది.

తర్వాతి ఏడు ఆమె జ్వరంతో పోయింది. సౌభాగ్యమ్మే దండ కట్టి తెచ్చింది. ఏబేలు దండ పట్టుకుని ఫోటో ముందు నిలబడిపోయాడు.

"ఈమెకు ఏస్తే, పక్కన వాని సంగతేంది మామా? ఈమె పూచీ మీద గదా వాడుండేది."

పోయినవాళ్లకు దండ వేయకుంటే తప్పురా అన్నాను. తప్పేనన్నాడు, వేయలేదు. ఆ దండ బల్ల మీదే వాడిపోయింది.

యుద్ధం ఆగిపోయింది. ఒక పొద్దున ఖాకీ బట్టల మనిషొకడు రోడ్డు మీద పోతూ దుకాణం ముందు ఆగాడు. బుగ్గలు పీక్కుపోయాయి. గోడ మీది ఫోటో చూస్తే గానీ మాలకొండయ్యని నేను గుర్తుపట్టలేదు. లోపలికొచ్చి తన ఫోటో చూశాడు, పక్కనున్న తల్లి ఫోటో చూశాడు. భుజాన ఉన్న సంచి దించి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. నవ్వుతున్నాడు.

"దోవ పొడుగునా భయపడతానే వచ్చినా మామా, మా అమ్మ ఉందో లేదోనని. దండ లేదు. ఇంక చాలు నాకు."

ఏబేలు నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. అతను బయటికి పోయి, సౌభాగ్యమ్మ బుట్టలోంచి ఒక దండ తీసుకొచ్చి, మాలకొండయ్య చేతిలో పెట్టాడు.