పెద్దింటి ముందు దిగే కాలు

మా ముత్తాత నరసారెడ్డి గారు మా ఊరి చెరువు కింద ఏ మడికి ముందు నీళ్ళు వదలాలో చెప్పిన మనిషి. మా తాత వెంకటరామిరెడ్డి గారు జిల్లా బోర్డులో మెంబరు. కలెక్టరు ఆ దారిన పోతే మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి పోయేవాడు. మా నాయన కాలం వచ్చేసరికి చెరువులో నీళ్ళు లేవు, వేయించిన బోర్లలోనూ లేవు. ఏటేటా వేసిన వేరుశనగ పెట్టుబడితో సహా మట్టిలోనే ఉండిపోయింది. ఊరి పేరు రాయను. మా వైపు ఊరి పేరు రాస్తే ఇంటిపేరు రాసినట్టే. అనంతపురం నుంచి తాడిపత్రి పోయే రోడ్డుకు ఆనుకుని, టేకు ద్వారబంధంతో, నల్లబండల అరుగుతో ఉండే మా ఇంటిని చుట్టుపక్కల ఊళ్ళన్నీ పెద్దిల్లు అనేవి. ఇది గొప్పకు చెప్పడం లేదు. నేను రాయబోయే కేసు అర్థం కావాలంటే ముందు ఆ ఇల్లు తెలియాలి.

నేను ఫిజియోథెరపిస్టును. బెంగుళూరులో చదువుకుని అనంతపురంలో క్లినిక్ పెట్టుకున్నాను. ఎముకలు విరిగినవాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు, కీళ్ళ ఆపరేషన్లు అయినవాళ్ళకు మళ్ళీ కదలడం నేర్పించడం నా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరిదో ఒకరి కాలు నా రెండు చేతుల్లో ఉంటుంది. ఒక పెళ్ళిలో మా మేనమామ వరసాయన పదిమందిలో అన్నాడు, "ఏమప్పా, పెద్దింటి పిల్లోడు ఊరోళ్ళ కాళ్ళు పట్టుకుని బతుకుతాండాడంట."

"పట్టుకునేది నేను, లేచి నడిచేది వాళ్ళు. దీంట్లో చిన్నతనం యాడుండాది మామా?" అన్నాను.

2004 వేసవిలో నా దగ్గరకు దేవదానం అనే ఆయన వచ్చాడు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. సొంతూరు మా ఊరికి ఆవల. ఉద్యోగమంతా సైకిల్ మీదే, భుజాన తాడు, వెనక క్యారియర్‌కు పనిముట్ల సంచి. డిపార్టుమెంటు ఆటల పోటీల్లో దూరపు సైకిల్ పందెం అంటే ఆయనదే అనేవారట. స్తంభాలెక్కి, స్తంభాలు దిగి కుడి మోకాలు అరిగిపోయింది. బెంగుళూరులో టోటల్ నీ రీప్లేస్‌మెంట్ చేశారు. అంటే, అరిగిన ఎముకల చివర్లు కోసేసి లోహపు తొడుగులు వేసి, మధ్యలో ప్లాస్టిక్ పలక పెట్టడం. చేతికర్రతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. వెంట ఆయన భార్య సుగుణమ్మ.

"కాలు ఇటు ఇవ్వండి" అన్నాను.

ఇవ్వలేదు. "వద్దు సామీ. మీరు పెద్దింటోళ్ళు. నా కాలు మీరు పట్టుకునేదేంది."

"ఈడ నేను ఫిజియో, మీరు పేషెంటు. సామీ గీమీ బయట పెట్టి రండి."

క్లినిక్‌లో ఎంత చిన్నవారినైనా, ఎవరినైనా మీరు అనే అంటాను. అది నా నియమం. ఆ మాట ఆయనను కాలు నొప్పి కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టినట్టుంది. తల వంచుకున్నాడు. సుగుణమ్మే కల్పించుకుంది.

"ఇయ్యయ్యా కాలు. బెంగుళూరులో డాక్టరు రంపంతో కోసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడు యాణ్ణుంచి వచ్చె?"

అప్పుడు ఇచ్చాడు. నేను మోకాలు వంచి చూస్తుంటే నొప్పికి పళ్ళు బిగబట్టాడు గానీ శబ్దం చేయలేదు. అయిపోయాక అడిగాడు, "సార్, నడక దానంతట అదే వస్తాది. నాకు సైకిల్ తొక్కేకి నేర్పిస్తారా?"

విషయం చెప్పాడు. ప్రతి చలికాలం అనంతపురం నుంచి తాడిపత్రికి పోయి తిరిగొచ్చే సైకిల్ పందెం ఒకటి జరుగుతుంది. నూరు కిలోమీటర్లకు పైమాటే. యాభై దాటినవాళ్ళకు వేరే వరస. అంతకు ముందు ఏడాది మోకాలు పట్టేసి, సగం దారిలో సైకిల్‌ను లారీలో వేసుకుని ఇంటికి వచ్చాడు.

"గెలిచేది వద్దు సార్. ఆ రోడ్డు మొత్తం తొక్కి నా కాలి మీద నేను దిగల్ల. లారీలో నుంచి దిగిన మనిషిగా చచ్చిపోకూడదు. అంతే."

ఆపరేషన్ చేసిన డాక్టరుతో మాట్లాడాను. సైకిల్ మంచిదే, బరువు సీటు మీద పడుతుంది, మోకాలి మీద పడదు అన్నారు. పరుగు వద్దు, దూకడం అసలు వద్దు. మోకాలు వాయడం మొదలైతే సైకిల్ బంద్.

పెడల్ పూర్తిగా తిరగాలంటే మోకాలు నూటపది డిగ్రీల దాకా వంగాలి. వంగడాన్ని మేము ఫ్లెక్షన్ అంటాం. ఆయన వచ్చిన రోజు అందులో సగానికి కాస్త ఎక్కువ వంగేది. మా క్లినిక్‌లో కదలకుండా ఒకచోటే నిలబడి ఉండే సైకిల్ ఉంది. మొదట్లో పెడల్‌ను ముందుకు సగం, వెనక్కి సగం ఊపడమే. నొప్పి భరించే రోగులను చాలామందిని చూశాను. నొప్పితో బేరమాడే మనిషిని ఈయననే చూశాను. "నేటికి ఇంత సాలు, రేపు ఇంకింత తీసుకుంటా" అని మోకాలితో మాట్లాడేవాడు. ఒక రోజు పెడల్ గుండ్రంగా తిరిగింది. ఆయన కళ్ళు మూసుకుని తిప్పుతూనే ఉన్నాడు. సుగుణమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది.

మరి సైకిల్ దిగడం? మనవాళ్ళు పెద్ద సైకిల్ దిగే పద్ధతి అందరికీ తెలిసిందే. సైకిల్ పోతూ ఉండగానే కుడికాలు వెనక నుంచి తిప్పి, ఆ కాలి మీదే నేలకు దూకి, నాలుగు అడుగులు పరుగెత్తి ఆగుతారు. ఎక్కేటప్పుడూ ఆ కాలితోనే నేలను తన్ని తన్ని ఎక్కుతారు. కొత్త మోకాలికి ఇది విషం. పూర్తిగా ఆపి, ఎడమ పాదం నేల మీద పెట్టి, సైకిల్ వాల్చి, అప్పుడు కుడికాలు మెల్లగా తీయమని నేర్పాను. లేడీస్ సైకిల్ అయితే కడ్డీ అడ్డం ఉండదు, ఇంకా సుఖం అన్నాను.

"అది తొక్కితే ఊర్లో నన్ను అమ్మా అంటారు సార్."

"నన్ను పుట్టినప్పటినుంచి అంటానే ఉండారు. నాకేమైంది?" అంది సుగుణమ్మ.

ఆయన తన సైకిల్ మీదే వాల్చి దిగడం నేర్చుకున్నాడు. వర్షాకాలం పోయేనాటికి ఊరి నుంచి క్లినిక్‌కు సైకిల్ మీదే వచ్చిపోవడం మొదలుపెట్టాడు.

కష్టం అప్పుడు మొదలైంది. రోడ్డు మీద తొక్కిన ప్రతిసారీ మరునాటికి మోకాలు వాచేది. దాన్ని ఎఫ్యూజన్ అంటారు, అంటే కీలు లోపల నీరు చేరడం. క్లినిక్ సైకిల్ మీద అంతకంటే ఎక్కువసేపు తొక్కించినా ఏమీ అయ్యేది కాదు. సీటు ఎత్తాను, దించాను. చీము పట్టిందేమోనని డాక్టరు రక్తం పరీక్ష చేయిస్తే ఏమీ లేదు. ఇంకోసారి వాస్తే ఇక సైకిల్ ముట్టవద్దని డాక్టరు ఫోన్‌లో తేల్చి చెప్పారు. పందేనికి నెలన్నర కూడా లేదు.

"యాడన్నా దూకుతాండారా?" అని అడిగాను.

"లేదు సార్. మీరు నేర్పినట్లే దిగుతాండా." ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

నా కళ్ళతో చూడాలనుకున్నాను. ఒక సాయంత్రం ఆయన క్లినిక్ నుంచి బయలుదేరాక, వస్తానని ఆయనకు చెప్పే, స్కూటర్ మీద వెనకే పోయాను. టీ కొట్టు దగ్గర ఆగాడు. ఎడమ పాదం నేల మీద, సైకిల్ వాల్చి, కుడికాలు మెల్లగా. నేను నేర్పినదానికంటే బాగా దిగాడు. శింగనమల క్రాస్ దగ్గరా అంతే. తర్వాత మా ఊరు వచ్చింది. మా ఇంటి ప్రహరీ మొదలు కాకముందే, సైకిల్ జోరుగా పోతూ ఉండగానే, ఆయన కుడికాలు వెనక నుంచి గిర్రున తిరిగి నేల మీద పడింది. నాలుగు అడుగులు పరుగెత్తి, హ్యాండిల్ పట్టుకుని తల దించుకుని ఇంటి ముందంతా నడిచాడు. ప్రహరీ దాటాక అదే కాలితో నేలను తన్ని మళ్ళీ ఎక్కాడు.

ఇంటికి తాళం వేసి ఉంది. అరుగు మీద ఎవరివో మేకలు పడుకుని ఉన్నాయి.

చిన్నప్పుడు మగవాళ్ళందరూ అక్కడ దిగి నడవడం నేను చూశాను. ఎత్తు తక్కువ వాకిలి కింద తల వంచినట్టు, అక్కడ పోయే పద్ధతే అది అనుకున్నాను. మా తాత ఎవరినీ దిగమని నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఊరి బయట, రోడ్డు కింద కాలువ పోయే మోరీ దగ్గర ఆయనను కలుసుకున్నాను.

"దేవదానం గారూ, దారిలో యాడయాడ దిగినారు?"

"టీ కొట్టు కాడ. క్రాస్ కాడ. మీరు ఎనకాలనే వస్తాంటిరి కదా, అద్దంలో చూసినా."

"పెద్దింటి కాడ?"

వెనక్కి తిరిగి మా ఇంటి వైపు చూశాడు. తర్వాత తన మోకాలు చూసుకున్నాడు. మోరీ గట్టు మీద కూర్చున్నాడు.

"దిగినానా?"

నేను తల ఊపాను.

"మా నాయన నాకు సైకిల్ నేర్పింది ఈ రోడ్డు మీదనే సార్. ఎక్కేది ఆ పైన నేర్పినాడు. మొదుట నేర్పింది ఈడ దిగేది. ఆపి దిగితే కుదరదు, గోడ కనపడ్తానే పోతా పోతా దిగల్ల. లేటైతే ఈపు మీద ఒకటి పడేది. ఉద్యోగమొచ్చినాక గూడ దిగినా. మీ ఇంటికి కరెంటు లాగిందీ నేనే, దిగే లాగినా." నవ్వాడు. "ఇప్పుడు ఆడ ఎవరుండారు? మేకలుండాయి. మేకలకు దిగుతాండానా నేను? మోకాలు కొత్తదే సార్. కాలు పాతదే."

నేను నవ్వలేదు. "ధర్మవరం రోడ్డు మీద ప్రాక్టీసు చేయండి. ఆ దారిన మా ఇల్లు లేదు" అన్నాను.

"పందెం ఈ దారినే కదా సార్. ఆ పొద్దు కాలు ఊరుకుంటాదా?" ఆలోచించాడు. "ఒకటడుగుతా. తలుపులు తీసి, మీ తాత కూర్చున్నట్ల ఆ అరుగు మీద మీరు కూర్చోండి. మేకల ముందర దిగకుండా పోతే కాలికేం తెలుస్తాది? మనిషుండల్ల."

ఎన్నో పుస్తకాల్లో మోటార్ రీలర్నింగ్ అని చదివాను. కండరాలకు అలవాటైన పాత కదలికను చెరిపి కొత్తది నేర్పడం. అలవాటు ఎక్కడ పుట్టిందో అక్కడే దాన్ని మార్చాలి. ఈయన అడుగుతున్నదీ అదే. ఒప్పుకున్నాను.

ఆదివారం పొద్దున తాళం తీయించి, మేకలను తోలించి, అరుగు ఊడ్పించి కూర్చున్నాను. మా ఇంట్లో అరుగు మీద ఎవరూ గోడకు ఆనుకుని కూర్చోరు. నేనూ ఆనుకోలేదు. తలుపులు తెరుచుకున్నాయని ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. ముందు వరసలో ఊళ్ళో టీ కొట్టు నడిపే ఓబులేసు.

మొదటిసారి దేవదానం ప్రహరీ దాకా వచ్చాడో లేదో కాలు లేచింది. దిగేశాడు. నా వైపు చూడకుండా సైకిల్ తిప్పుకుని పోయాడు. రెండోసారి కాలు లేవబోతుంటే బ్రేకు పట్టాడు. సరిగ్గా నా ఎదురుగా ఆగింది సైకిల్. ఎడమ పాదం నేల మీద, కుడి పాదం పెడల్ మీద, సీటు మీద కూర్చునే ఉన్నాడు. అరుగు మీద నేను, సీటు మీద ఆయన. ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి. జనంలో నుంచి ఓబులేసు అందుకున్నాడు.

"ఏమప్పా దేవదానం, దిగేకి మరిచినావా?"

"బ్రేకు పడింది గానీ కాలు పడలేదన్నా" అన్నాడు నా మీద నుంచి చూపు తిప్పకుండా. చెమట పట్టింది ఆయనకు.

"తొక్కండి" అన్నాను.

మా అరుగు మీద నుంచి ఆ మాట అంతకు ముందు ఎవరూ అనలేదు. నేను అన్నాను, ఊరు విన్నది. మూడోసారి ఆయన ఆగకుండా పోయాడు. తర్వాత పోతూనే ఉన్నాడు, వస్తూనే ఉన్నాడు. కాలికి విసుగు పుట్టేదాకా అదే పని. జనం విసుగెత్తి ఇళ్ళకు పోయారు. నేను మాత్రం ఎండ అరుగు మీదికి వచ్చినా లేవలేదు. ఆ మరునాడు మోకాలు చూశాను. వాపు లేదు. ఆ తర్వాత ఇంకెప్పుడూ రాలేదు.

పందెం రోజు నేను మా ఇంటి ముందు నిలబడ్డాను. కుర్రవాళ్ళు గుంపులు గుంపులుగా పోయారు. తర్వాత దేవదానం వచ్చాడు. ఒక చేత్తో సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. మా ప్రహరీ మొదలైంది, అయిపోయింది. ఇంటి వైపు చూడనే లేదు, నన్నూ చూడలేదు. నాకు తెలిసిన ఎన్నో మర్యాదల్లో అంత నిండైనది ఇంకొకటి లేదు.

తిరుగు దారిలో ఎదురుగాలి. నేను స్కూటర్ మీద ముందే అనంతపురం చేరుకుని మైదానంలో ఎదురుచూశాను. బహుమతులు ఇవ్వడం కూడా మొదలైంది. అప్పుడు వచ్చాడు. పూర్తిగా ఆపాడు. ఎడమ పాదం నేల మీద పెట్టాడు, సైకిల్ వాల్చాడు, కుడికాలు తీసి నిలబడ్డాడు.

"లారీ ఎక్కలేదు కదా?" అంది సుగుణమ్మ.

"ఒక లారీ చానాసేపు నా ఎనకాలనే వచ్చినాది. దానికే దారి ఇయ్యలేదు."

గడ్డి మీద కూలబడ్డాడు. మోకాలు చూద్దామని నేను ఆయన ముందు కూర్చున్నాను. చుట్టూ జనం, అందులో మా వైపువాళ్ళు కూడా. నేను అడగకముందే కాలు చాపి నా చేతుల్లో పెట్టాడు. వేడి లేదు, నీరు లేదు.

కీలు ఎంత వంగుతుందో కొలవడం నాకు కాలేజీలో నేర్పారు. ఆ మనిషి ఎక్కడెక్కడ వంగుతాడో అడగాలని ఈ కేసు నేర్పింది. అప్పటి నుంచి నా దగ్గరకు వచ్చే ప్రతి రోగినీ ఇంటి నుంచి క్లినిక్ దాకా దారి చెప్పమంటాను. ఎక్కడ కూర్చుంటారు, ఎవరి ముందు లేస్తారు, ఎక్కడ చెప్పులు విడుస్తారు, అన్నీ. అందులో సగం జవాబులు వాళ్ళకే కొత్తగా ఉంటాయి.

2008లో ఇల్లు అమ్మేశాం. టేకు ద్వారబంధాన్ని, తలుపులను, స్తంభాలను బెంగుళూరు వ్యాపారి విప్పించి లారీలో తీసుకుపోయాడు. అరుగు బండలు ఊళ్ళోవాళ్ళు తలా ఒకటి కొన్నారు. ఒకటి దేవదానం కొన్నాడు. ఊరికే ఇస్తానంటే ఒప్పుకోలేదు. అది ఇప్పుడు ఆయన ఇంటి ముందు, సైకిల్ ఎక్కడానికి మెట్టుగా ఉంది.