బెణుకే అన్నాను

అక్క ఎడమ చీలమండ ఎక్స్‌రేను డాక్టరు లైటు పెట్టె మీద పెట్టినప్పుడు నేను ఆమె పక్కనే నిల్చున్నాను. అక్క బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. షిఫ్టంతా నిలబడే ఉండాలి. ఏడాదిగా పొద్దున లేచి కాలు కింద పెడితే కీలు బిగుసుకుపోయి ఉండేది. పది అడుగులు వేశాక గానీ వదులయ్యేది కాదు. సాయంత్రానికి వాచేది. నేను నర్సును. అయినా ఆమెను ఆస్పత్రికి తీసుకురావడానికి నాకు ఏడాది పట్టింది. ఎందుకు పట్టిందో నాకు తెలుసు.

ఎముకలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా మధ్యలో ఉండే మెత్తటి పొర అరిగిపోయిందని డాక్టరు పెన్నుతో చూపించాడు. మోకాళ్లు వయసుతో అరుగుతాయి గానీ, చీలమండ అరిగిందంటే చాలామందిలో ఎప్పుడో తగిలిన దెబ్బే కారణమట. పక్కన అతుక్కుపోయిన పాత పగులు సన్నటి గీతలా కనబడుతోంది. ఇంతకు ముందు ఎప్పుడైనా పడ్డారా అని అక్కను అడిగాడు.

"గుర్తు లేదు సార్," అంది అక్క. నా వైపు చూడలేదు.

నాకు గుర్తుంది. చాలా ఏళ్ల కిందటి మాట, అప్పుడు నేను నర్సింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అమ్మ పోయాక నన్ను చదివించింది అక్కే. ఒకరోజు బావకు చెప్పకుండా ఆయన స్కూటరు తీసి, వెనక అక్కను కూర్చోబెట్టుకుని మడివాళ మార్కెట్‌కు వెళ్లాను. వచ్చేటప్పుడు ఆటోను తప్పించబోయి బండి పడేశాను. నాకు మోచెయ్యి గీసుకుంది. బండి బరువంతా అక్క కాలి మీద పడింది. ఆమెను ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, వేళ్లతో అక్కడా ఇక్కడా నొక్కి చూసి, "బెణుకే అక్కా, విరగలేదు," అన్నాను. ఎక్స్‌రే అంటే బావకు సంగతి తెలిసిపోతుంది. మెట్ల మీద కాలు జారిందని ఇంట్లో ఇద్దరం ఒకే మాట చెప్పాం.

అంతవరకైతే తెలియక చేశాననుకోవచ్చు. మూడో రోజు, నేనే వేసిన కట్టు విప్పితే చీలమండ నల్లగా కమిలి ఉంది. ఎముక కొన ముట్టుకోగానే అక్క పళ్లు బిగబట్టింది. సరిగ్గా అక్కడ నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలని ఆ నెలలోనే మాకు పాఠం చెప్పారు. అది తెలిసీ నేను కట్టు మళ్లీ గట్టిగా చుట్టాను. మర్నాడు ఆమె కుంటుకుంటూ ఫ్యాక్టరీ బస్సెక్కింది.

అరిగింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలన్నాడు డాక్టరు. చీలమండ కదలకుండా పట్టి ఉంచే బ్రేస్, అడుగు గట్టిగా ఉండే బూట్లు, ఫిజియోథెరపీ, వీలైనంత వరకు కూర్చుని చేసే పని. నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దన్నాడు. వీటితో లొంగకపోతే ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నాడు.

ఇంటికొచ్చాక ఆ మూడో రోజు సంగతి చెప్పేశాను. అక్క కాలు దిండు మీద పెట్టుకుని అంతా విన్నది.

"నువ్వు చెప్తే నేను నమ్మినాను," అంది. "నిన్ను తిట్టాల. ఈ పొద్దు ఓపిక లేదు, పో."

ఆ తర్వాత నేను చేయగలిగిందంతా చేశాను. డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్లి సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. రెండు వారాలకు ఆమెకు ఎత్తు స్టూలు ఇచ్చారు. సాయంత్రాలు ఆమె పాదం కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ ఆమె చేతికిచ్చి లాగించేదాన్ని. నొప్పి ఎట్లా ఉందని పదేపదే అడుగుతుంటే విసుక్కునేది. వాపు తగ్గింది. నొప్పి కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఒక ఆదివారం ప్రార్థన జరిగే రెండో అంతస్తు హాలుకు ఎక్కుతూ అక్క మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది. పైకి పోయేవాళ్లు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు.

"ఆ పొద్దే నన్ను డాక్టర్ దగ్గరికి పిల్చుకొని పోయింటే నా కాలు ఇట్లయ్యేదా?" అంది నన్నే చూస్తూ. "మీ బావ ఏమంటాడోనని నీకు భయం. నా కాలు ఏమైతే నీకేమి."

పైన పాట మొదలైంది. ఆమె చెప్పాలనుకున్నదంతా చెప్పేదాకా పక్కనే కూర్చున్నాను. ఇప్పటికీ నొప్పి ఎక్కువైన రోజుల్లో ఆ మాట ఎత్తుతుంది. ఆపమని నేను అడగను.